పూర్వీకుల దత్తత

రాళ్ళగెడ్డ ఎలా పుట్టిందో అక్కడ అందరికీ తెలుసు. 1957లో రైల్వే వాళ్ళు ఆ చోట ఒక లెవెల్ క్రాసింగ్ గేటు పెట్టారు. గేటు ఒకసారి పడితే లేవడానికి ముప్పావు గంట పట్టేది. ఆగిపోయిన బళ్ళవాళ్ళ కోసం ఒకడు టీ కొట్టు పెట్టాడు. టీ తాగినవాళ్ళ కోసం ఇంకొకడు బీడీ కొట్టు పెట్టాడు. కూర్చుని కూర్చుని గెడ్డాలు పెరుగుతున్నాయని మంగలి వచ్చాడు. ఆ తర్వాత జూట్ మిల్లు, రెండు సినిమా హాళ్ళు, ఆరువేల నాలుగు వందల ఇళ్ళు, చివరికి ఒక మూడో శ్రేణి పురపాలక సంఘం. గేటు కాస్త చురుగ్గా లేచే రకమైతే ఊరే ఉండేది కాదు.

ఇంత మంచి పుట్టుక ఉన్న ఊరికి ఒక మార్చి నెలలో పెద్ద కష్టం వచ్చిపడింది. ఆ ఏడాది పైవాళ్ళకి ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ పుట్టాక ఊరుకోలేరు కాబట్టి జీవో జారీ చేశారు. ‘రాష్ట్రమందలి ప్రతి పురపాలక సంఘము ఐదు వందల సంవత్సరములకు తగ్గని, లిఖితపూర్వక ఆధారములు గల చరిత్రను కలిగియుండవలెను. కలిగియుండని యెడల, చరిత్ర కలిగిన సమీప పురపాలక సంఘమునందు విలీనము చేయబడును.’

సమీపంలో ఉన్నది బొంతలకోట. ఆ ఊళ్ళో ఒక పాత కోటగోడ ముక్క ఉంది. బొంతలకోట జనం దానికి గేదెల్ని కట్టేసుకుంటారు. అయినా గోడ గోడే కాబట్టి వాళ్ళు చరిత్ర కలవారయ్యారు, రాళ్ళగెడ్డ వాళ్ళు లేనివారయ్యారు.

పురపాలక సంఘంలో జనన మరణాల సెక్షన్ చూసే జూనియర్ అసిస్టెంటు తాలాడ జగన్నాయకులు ఈ జీవోని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఊళ్ళో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆయన గుండ్రటి చేతిరాతలోకి రావలసిందే. జీవో వచ్చిన వారానికి కిల్లి దాలమ్మ ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. గేటు దగ్గర మరమరాలు అమ్ముకునే ముసలమ్మ. కూతురు పోతే మనవరాలిని తనే పెంచుతోంది.

“బాబూ, మా ఈస్పరి గుంటకి గురుకులంలో సీటొచ్చింది. జూన్ ముప్పయ్యో తారీకు లోపల పుట్టిన కాయితం తెమ్మన్నారు. లేపోతే ఇంకో పిల్లకి ఇచ్చేస్తారంట,” అంది.

జగన్నాయకులు రిజిస్టరు తీశాడు. 2014 ఆగస్టు పద్నాలుగు. ఆడ శిశువు. తల్లి పేరు ఉంది, ఊరు ఉంది. శిశువు పేరు దగ్గర మాత్రం చిన్న గీత ఉంది. కాన్పయిన నాలుగో రోజున తల్లి పోవడంతో పేరు రాయించడానికి ఎవరూ రాలేదు.

“పేరు రాసి కమిషనర్ గారి సంతకం పెట్టిస్తే అయిపోతాది దాలమ్మప్పా. నాలుగు రోజులాగి రా,” అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఆయన తర్వాత మూడు నెలలు బాధపడ్డాడు.

*

కౌన్సిల్ సమావేశంలో ఊరి చరిత్ర మీద నివేదిక పెట్టారు. మూడు గడుల పట్టిక. శతాబ్దం, సంఘటన, ఆధారం. అన్ని గడుల్లోనూ ‘నిల్’ అని ఉంది.

కమిషనర్ విద్యారణ్యం గారు లేచి గొంతు సవరించుకున్నారు. ఆయన మామూలు మాటలతో మాట్లాడగా విన్నవాళ్ళు ఆఫీసులో లేరు. “అధ్యక్షా, నిల్ అనునది పరిపాలనా వైఫల్యమునకు పరాకాష్ఠ. చరిత్ర లేకపోవుట గతించినవారి నిర్లక్ష్యము కావచ్చును గానీ, దానిని అట్లే ఉంచుట మన నిర్లక్ష్యమగును.”

ఛైర్మన్ గొర్లె సన్యాసినాయుడు తల గోక్కున్నాడు. “మరేటి చేస్తాం కమిషనర్ గారూ? నేని చరిత్ర యాడ్నుంచి తెస్తాం? పోనీ బొంతలకోట గోడలోంచి రెండిటికలు లాక్కొచ్చీమంటారా?”

“అవసరము లేదు. సంతానము లేనివారు బిడ్డను దత్తత తీసుకొనుట లోకమందున్నదే. పూర్వీకులు లేని పట్టణము పూర్వీకులను దత్తత తీసుకొనుటకు ఏ నిబంధనయూ అడ్డురాదు. నేను చట్టములన్నియు పరిశీలించితిని. నిషేధము ఎక్కడా లేదు.”

ఎవరి పూర్వీకుల్ని అన్నది ప్రశ్న. ఈ దేశంలో ఏ ఊరూ తన చరిత్రని పక్క ఊరికి ఇవ్వదు, ఉన్నదాని కోసమే కోర్టుల్లో కొట్టుకుంటున్నారు. అప్పుడు కమిషనర్ గారు జగన్నాయకుల వైపు చూశారు. పన్నెండేళ్ళ కిందట జర్మనీ నుంచి ఒక ఉత్తరం వచ్చిందని, దాని మీద ‘తగు చర్యకై’ అని రాసి ఆ సెక్షన్‌కి పంపారని ఇన్వర్డ్ రిజిస్టర్లో ఉంది.

ఉత్తరం నిజమే. డింకెల్‌రోడ అనే చిన్న ఊరు ఇండియాలో ఏదైనా ఊరితో స్నేహం చేద్దామని వందమందికి రాసింది. కూడా నలభై నాలుగు పేజీల చరిత్ర పుస్తకం పంపింది, ఇంగ్లీషులో. జగన్నాయకులు ఆ ఫైలు మీద తగు చర్యే తీసుకున్నాడు. జననాల బీరువా ఒక కాలు పొట్టిది. ఆ కాలి కింద ఫైలు సరిగ్గా సరిపోయింది.

బీరువా ఎత్తి ఫైలు లాగారు. దుమ్ము దులిపి కమిషనర్ గారు గట్టిగా చదివారు. 1229లో రాజుగారు పట్టణ హోదా ఇచ్చారు. సంత పెట్టుకోవడానికి, చుట్టూ గోడ కట్టుకోవడానికి అనుమతి. ఐదు వందల ఏళ్ళు అడిగితే దాదాపు ఎనిమిది వందలు దొరికాయి. సభ్యులు బల్లలు చరిచారు. ఛైర్మన్ కళ్ళు చెమర్చాయి, తన ఇంటిపేరుకి కూడా ఏనాడూ అంత వయసు లేదని.

‘సదరు పుస్తకమునందు గల చరిత్ర యావత్తును, ఎట్టి తీసివేతలు లేకుండా, రాళ్ళగెడ్డ చరిత్రగా స్వీకరించడమైనది’ అని తీర్మానం రాసి, దానికి ఒక ఒప్పందం జతచేసి డింకెల్‌రోడకి మెయిలు చేశారు. జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. హెడ్విగ్ బ్రెనెకె అనే ఆవిడ సంతకం చేసింది, జనన మరణాల గుమస్తా. ‘మా చరిత్ర కావాలని మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మా దగ్గర చాలా ఉంది. ఆనందంగా పంచుకుంటాం’ అని రాసి, ఒప్పందం మీద స్టాంపు వేసి పంపింది. అందులో నాలుగో పేరా ఇలా ఉంది: ‘ఇకమీదట ఉభయ పట్టణాల చరిత్ర ఒక్కటే.’

“మేయరు సంతకం లేదేటండీ? గుమస్తా చేసింది?” అన్నాడు ఛైర్మన్.

“వారి వద్ద అధికార వికేంద్రీకరణ అధికము,” అన్నారు కమిషనర్ గారు.

*

దత్తత కాయితాలు తప్ప ఏప్రిల్ అంతా కమిషనర్ గారు మరో కాయితం మీద సంతకం పెట్టలేదు. పై నుంచి ఆమోదం మే నెల మొదట్లో వచ్చింది, ఒక షరతుతో. స్వీకరించిన చరిత్రని అరవై రోజుల్లోగా అన్ని సెక్షన్ల రికార్డుల్లోనూ, కాలక్రమంలో, మొదటి నుంచి నమోదు చేయాలి. అది పూర్తయ్యేదాకా ఇటీవలి సంవత్సరాల నమోదులు నిలుపుదల చేయాలి. కంప్యూటరు కూడా అలాగే మార్చేశారు. ఒక సంవత్సరం మూసేస్తేగానీ తర్వాతది తెరుచుకోదు.

దాలమ్మ మళ్ళీ వచ్చేసరికి జగన్నాయకులు పుస్తకంలో తల దూర్చి ఉన్నాడు.

“కాయితం అయిందేటి బాబూ?”

“నేదప్పా. ఈస్పరిది 2014 కదా. మేమింకా 1349లో ఉన్నాం.”

“అక్కడేటి పని?”

“ప్లేగు.”

దాలమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. పాపం, ఎంతమంది పోయారని అడిగింది. నాలుగు వందల పన్నెండు మంది అని చెప్పాడు. ఆవిడ తెచ్చిన మరమరాల పొట్లం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఈ నాలుగు వందల పన్నెండు మంది జగన్నాయకుల్ని నిద్రపోనివ్వలేదు. చావుని ఏడాది దాటాక నమోదు చెయ్యాలంటే ఆర్డీవో గారి ఉత్తర్వు కావాలి. ఇక్కడ ఆరు వందల డెబ్భై ఏళ్ళ పైచిలుకు దాటింది. ఆలస్యానికి కారణం ఏమిటో బంధువులు అఫిడవిట్ ఇవ్వాలి. చావుని చూసిన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. పేపర్లో ప్రకటన వెయ్యాలి. వేశారు కూడా. ‘యోహాన్ కుమారుడు మార్టిన్, వృత్తి పీపాల తయారీ, 1349వ సంవత్సరంలో మరణించినట్లు నమోదు చేయుటకు ఎవరికైనను అభ్యంతరములున్నచో పదిహేను దినములలో తెలుపవలెను.’

బంధువులెవరని ఆర్డీవో ఆఫీసు అడిగింది. దత్తత జరిగింది కాబట్టి పురపాలక సంఘమే బంధువని కమిషనర్ గారు రాశారు. సాక్షులెవరని అడిగింది. ప్రజల తరఫున చూడడమే ప్రజాప్రతినిధుల పని కాబట్టి సభ్యులందరూ చూసినట్లే భావించవచ్చని రాశారు. ఇరవై ముగ్గురు కౌన్సిలర్లు తెల్ల చొక్కాలు వేసుకొచ్చి, ‘మృతుని చంకలో గడ్డ లేచుట నేను స్వయముగా చూచితిని’ అన్న కాయితాల మీద వరసగా సంతకాలు చేశారు. పన్నెండో వార్డు మెంబరుకి మధ్యలో కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన మెత్తని మనిషి.

ఛైర్మన్‌కి ఇంకో దిగులు పట్టుకుంది. “నాయకులూ, దత్తుడికి దత్తింటి మైల అంటుకుంటాది కదా? ఒక్కపాలి నాలుగొందల పన్నెండు మంది పోయినారంటే మనం ఎన్నేళ్ళు మైల పట్టాల?”

జగన్నాయకులు ఆలోచించాడు. “ఏడాది దాటినాక కబురు తెలిస్తే తానం చేస్తే సరిపోతాదండి ఛైర్మన్ గారూ.”

కౌన్సిల్ సమావేశాన్ని స్నానం నిమిత్తం గంటసేపు వాయిదా వేశారు.

తర్వాతి వారం దాలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి కేకేసింది. “ప్లేగు తగ్గిందేటి బాబూ?”

“తగ్గిందప్పా. ఇప్పుడు రైతుల తిరుగుబాటు. 1525.”

“ఆళ్ళు గెలిసినారా?”

“నేదు.”

“గెలవరు,” అంది దాలమ్మ, తెలిసిన విషయమే అన్నట్టు. “జూన్ వచ్చేసింది బాబూ. ముప్పయ్యో తారీకని సెప్పినాను కదా.”

*

1634 దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం జనన మరణాల సెక్షన్ దాటి ఊరిమీద పడింది. ఆ ఏడు సెప్టెంబరులో చక్రవర్తి సైన్యం వచ్చి డింకెల్‌రోడ మొత్తం తగలబెట్టింది. ‘పదకొండు కుటుంబాలు తప్ప ఎవరూ మిగల్లేదు, ఇల్లన్నది నిలవలేదు’ అని పుస్తకంలో ఉంది. తీసివేతలు లేకుండా స్వీకరించారు కాబట్టి టౌన్ ప్లానింగ్ వాళ్ళు దాన్ని తమ రిజిస్టర్లో ఎక్కించారు. ఎక్కించగానే వాళ్ళకో సంగతి తట్టింది. అన్ని ఇళ్ళూ కాలిపోయాయి, మళ్ళీ కట్టుకున్నట్టు అనుమతులు లేవు. మరి జనం ఎక్కడ ఉంటున్నట్టు?

ఆరువేల నాలుగు వందల ఇళ్ళకీ నోటీసులు వెళ్ళాయి. ‘మీ గృహము 1634వ సంవత్సరమున దగ్ధమైనట్లు రికార్డులందు స్పష్టముగా నున్నది. దగ్ధమైన గృహమునందు నివసించుటకు గల కారణములను ఏడు దినములలో తెలియజేయవలెను.’ ఒకటి ఛైర్మన్ ఇంటికీ వెళ్ళింది. మంటలార్పడానికి బండి ఎందుకు పంపలేదో సంజాయిషీ ఇమ్మని ఫైర్ స్టేషన్‌కి మెమో వెళ్ళింది. సమాచారం అందలేదని, అప్పటికి ఫోను కనిపెట్టలేదని ఫైర్ ఆఫీసరు జవాబిచ్చాడు. జవాబు సంతృప్తికరంగా లేదని మళ్ళీ రాశారు.

దాలమ్మ తన నోటీసు పట్టుకుని వచ్చింది. “మా పాక కాలిపోనాదంట బాబూ. పొద్దున్న సూస్తే బాగానే ఉన్నాది. ఏటి సెప్పమంటావు?”

“బాగానే ఉందని చెప్పొద్దప్పా. అలా చెప్తే అనుమతి ఏదంటారు.”

“అయితే కాలిపోనాదని సెప్పీదా?”

“అప్పుడు అందులో ఎందుకున్నావంటారు.”

చివరికి జగన్నాయకులే ఒక కాయితం తీసుకుని, ‘పరిశీలనలో ఉన్నది’ అని ఆవిడ తరఫున జవాబు రాసి వేలిముద్ర వేయించాడు. ఆఫీసు రాసే మాటే తిరిగి ఆఫీసుకి రాస్తే ఎవరూ ఏమీ అనరని ఆయన అనుభవం.

1868లో ఇంకో చిక్కొచ్చింది. రైలు పొగకి ఆవులు పాలివ్వడం మానేస్తాయని భయపడి డింకెల్‌రోడ పెద్దలు ఆ ఏడు రైలుని ఊళ్ళోకి రానివ్వలేదు. అంటే రికార్డుల ప్రకారం రాళ్ళగెడ్డకి రైలు రాలేదు. పట్టాలు, గేటు అక్రమంగా ఉన్నాయి కాబట్టి వెంటనే తొలగించాలని కమిషనర్ గారు రైల్వేకి రాశారు. ఆ గేటు తీసేస్తే ఊరు పుట్టిన కారణమే పోతుందని జగన్నాయకులు మెల్లిగా చెప్పి చూశాడు.

“అది పాత పుట్టుక నాయకులూ. దానిని దత్తత నాడే వదలుకొంటిమి,” అన్నారు కమిషనర్ గారు.

జూన్ పన్నెండున జగన్నాయకులు పుస్తకంలో ముప్పై తొమ్మిదో పేజీకి వచ్చాడు. ప్లేగుకి ఆరు పేజీలు, మంటలకి నాలుగు పేజీలు రాసిన ఊరు, 1933 నుంచి 1945 దాకా రెండే రెండు వాక్యాలు రాసింది. ‘ఆ కష్టకాలం కూడా గడిచింది. చర్చి గంటను తీసుకుపోయారు.’ ఈ పన్నెండేళ్ళూ ఒక్క పూటలో అయిపోతాయని కమిషనర్ గారు సంతోషించారు. జగన్నాయకులికి మాత్రం ఎక్కడో కలుక్కుమంది. ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాడికి ఖాళీ గడిని చూస్తే తెలుస్తుంది, అక్కడ ఏమీ జరగలేదో, లేక రాయలేదో. అటు పేజీలో 1930 నాటి బజారు ఫోటో ఉంది. ఇటు పేజీలో 1946 నాటి అదే బజారు. రెంటిలోనూ కొట్ల వరుస అలాగే ఉంది, నాలుగు కొట్ల మీద పేర్లు మాత్రం మారిపోయాయి. ఆ పాత పేర్లవాళ్ళు ఏమయ్యారో పుస్తకంలో లేదు.

ఆ రోజే ఆయన తన సొంత బుద్ధితో ఒక ఉత్తరం రాశాడు. కమిషనర్ గారి ద్వారా పంపలేదు. ఉద్యోగంలో అలాంటి పని చేయడం అదే మొదటిసారి. తనకి వచ్చిన ఇంగ్లీషులో, బ్రెనెకె గారికి రెండే విషయాలు రాశాడు. ఒకటి, ఆ నాలుగు కొట్లవాళ్ళు ఏమయ్యారో దయచేసి చెప్పండి, నేను మరణాలు రాసేవాణ్ణి. రెండు, మా ఊళ్ళో 2014 ఆగస్టు 14న కిల్లి ఈశ్వరి అనే పిల్ల పుట్టింది. ఒప్పందంలో నాలుగో పేరా ప్రకారం ఉభయుల చరిత్ర ఒక్కటే కాబట్టి ఆ పిల్ల మీ పుస్తకంలోనూ ఉండాలి. ఉంటే కాయితం పంపండి. ముప్పయ్యో తారీకు ఆఖరు.

రాసి పంపాడు. లేచి వెళ్ళి రెండు టీలు తాగాడు.

*

జూన్ ఇరవై తొమ్మిదిన కొరియరులో కవరు వచ్చింది. లోపల మూడు కాయితాలున్నాయి.

మొదటిది దళసరి కాయితం మీద సర్టిఫికెట్, జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ. కిల్లి ఈశ్వరి, ఆడపిల్ల, 2014 ఆగస్టు 14, పుట్టిన ఊరు డింకెల్‌రోడ, పక్కనే చిన్న అక్షరాల్లో రాళ్ళగెడ్డ. గుండ్రటి ముద్ర. దానితో బ్రెనెకె గారి ఉత్తరం. ‘మా పుస్తకం చూశాను. మీరు చెప్పిన బిడ్డ అందులో లేదు. నాలుగో పేరా ప్రకారం ఉండి తీరాలి. మా నమోదుల్లో ఇలాంటి లోపం జరగడం చాలా విచారకరం. సరిదిద్దాను. పదేళ్ళ ఆలస్యానికి ఆ బిడ్డకు మా కార్యాలయం తరఫున క్షమాపణలు.’

జగన్నాయకులు ఆ నాలుగు ముక్కలూ మూడుసార్లు చదివాడు. ముప్పై ఏళ్ళలో ఒక ఆఫీసు ఒక పిల్లకి క్షమాపణ చెప్పడం ఆయన చూడలేదు.

రెండో కాయితం నిండా ఆ నాలుగు కొట్ల యూదు కుటుంబాల పేర్లు. పంతొమ్మిది. పక్కన వయసులు, తీసుకుపోయిన తేదీలు. ‘ఇవి మా పుస్తకంలో లేవు, మా రిజిస్టర్లలో ఉన్నాయి. మీరు అడిగినందుకు ధన్యవాదాలు’ అని కింద రాసి ఉంది. అఫిడవిట్లు, సాక్షులు, పేపరు ప్రకటనలు ఏమీ లేకుండా ఆ పంతొమ్మిది మందినీ ఆయన తన రిజిస్టర్లో ఒక్కొక్కరుగా, మంచి రాతతో రాసుకున్నాడు. అందులో ఒకరికి ఆరేళ్ళు.

మూడోది బ్రెనెకె గారు తాజాగా తీసి పంపిన నలభై నాలుగో పేజీ. ‘మీ ప్రతిలో ఈ పేజీ లేదనిపిస్తోంది, ఎందుకంటే మీరు మమ్మల్ని ఇంకా పట్టణం అంటున్నారు’ అని రాసింది. జగన్నాయకులు పాత ఫైలు తీసి చూశాడు. నిజమే. పన్నెండేళ్ళ కిందట చివరి పేజీని అట్టకి అంటించి, దాని మీద ఫైలు నంబరు చీటీ అతికించారు. అతికించింది తనే.

ఆ పేజీలో ఒక్క పేరానే ఉంది. ‘1974 జనవరి ఒకటిన, పరిపాలనా సంస్కరణలలో భాగంగా, డింకెల్‌రోడ పట్టణం పక్కనున్న పెద్ద పట్టణంలో విలీనమైంది. పౌరుల సౌకర్యార్థం ప్రతి మంగళవారం ఉదయం రెండు గంటలపాటు ఇక్కడ ఒక గుమస్తా అందుబాటులో ఉంటారు.’

బొంతలకోటలో కలవకుండా తప్పించుకోవడానికి తెచ్చుకున్న ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర, చిట్టచివర పక్క ఊళ్ళో కలిసిపోయింది. అదీ యాభై ఏళ్ళ కిందటే.

కాయితం మీద ‘తగు చర్యకై’ అని రాసి కమిషనర్ గారి ముందు పెట్టాడు. ఆయన చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. మొదటిసారి మామూలు తెలుగులో మాట్లాడారు.

“అంటే నేనెవర్ని నాయకులూ?”

పురపాలక సంఘం 1974లోనే లేకుండా పోతే, దానికి కమిషనర్ ఉండడానికి వీల్లేదు. ఛైర్మన్ ఎన్నికా చెల్లదు, ఆరువేల నాలుగు వందల నోటీసులూ చెల్లవు. ఫ్యాను కింద కమిషనర్ గారి చొక్కా తడిసిపోయింది. కాసేపటికి తేరుకుని కలం తీశారు.

“ప్రస్తుతము మీ సెక్షన్ ఏ సంవత్సరమునందున్నది?”

“1971 అండి.”

“మంచిది. 1973 డిసెంబరు ముప్పై ఒకటి వరకు వెళ్ళి ఆగండి. తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు 1974లోనికి ఎవ్వరునూ ప్రవేశించరాదు.”

“మరి ఆ తర్వాత పుట్టినోళ్ళండి?”

“వేచియుండవలెను,” అన్నారు కమిషనర్ గారు. సంతకం చేసి, తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఏమీ వేయకుండా వదిలేశారు.

*

మర్నాడు ముప్పయ్యో తారీకు. జగన్నాయకులు సెలవు పెట్టాడు. దాలమ్మనీ ఈశ్వరినీ తీసుకుని ఆ దారిన రోజుకి ఒక్కటే ఉన్న మధ్యాహ్నం మూడు గంటల బస్సెక్కాడు. గురుకులం ఆఫీసు ఐదింటికి మూస్తారు. బస్సు కదిలి ఫర్లాంగు దూరం వెళ్ళగానే గేటు పడిపోయింది.

రికార్డుల ప్రకారం ఆ గేటు లేదు, దాని వెనక పట్టాలు లేవు. లేని రైలు కోసం బస్సు ఇంజను ఆపుకుని కూర్చుంది. నాలుగైంది. నాలుగుంబావు అయింది. దాలమ్మ కొంగుకి కట్టుకున్న సర్టిఫికెట్ని మాటిమాటికీ తడుముకుంటోంది. జగన్నాయకులు దిగి వెళ్ళి గేట్‌మన్‌ని బతిమాలాడు. గూడ్సు బండి వస్తేగానీ లేపనన్నాడు. చివరికి గూడ్సు వచ్చి, యాభై ఎనిమిది పెట్టెలూ తీరుబడిగా దాటాయి.

నాలుగూ యాభైకి ముగ్గురూ గురుకులం మెట్లెక్కారు. ప్రిన్సిపాల్ మేడమ్ రిజిస్టరు మూయబోతోంది. జగన్నాయకులు ఆయాసంతో మాట్లాడలేకపోయాడు. దాలమ్మే కొంగు విప్పి సర్టిఫికెట్ బల్ల మీద పరిచింది.

మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ముద్ర చూసింది, తేదీ చూసింది. ఇంత స్పష్టమైన సర్టిఫికెట్ ఈ ఏడు ఇదే రావడం అంది. తర్వాత ఊరి పేరు దగ్గర ఆగిపోయింది.

“డింకెల్‌రోడ... ఇదెక్కడమ్మా?”

“లెవిలు క్రాసింగు గేటు కాడ తల్లీ. టీ కొట్టు పక్కన.”

“అది రాళ్ళగెడ్డ కదా! ఏం, ఊరి పేరు మార్చేశారా?”

“పేరు మార్నేదు తల్లీ,” అంది దాలమ్మ. “తాతల్ని మార్చినారు.”

మేడమ్ ఇంకేమీ అడగకుండా రిజిస్టరు ముందుకు లాక్కుంది. ఖాళీగా ఉన్న వరుసలో ఈశ్వరి అని రాసుకుంది.